సోమవారం రాత్రి, ఒక్క చేపముక్క

సోమవారం సాయంత్రం కొట్లో లెక్క కట్టేసి, బండి తీయబోతూ ఫోన్ చూసుకుంటే మా ఆవిడ మెసేజ్ ఉంది. "నా తర్వాత రావాల్సినమ్మాయి ఇంకా రాలేదు. నేనొచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. వంట ఏమీ చేయలేదు. ఫ్రిజ్ ఒకసారి చూడండి."

తను అమలాపురంలో స్టాఫ్ నర్సు. నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడి దగ్గర లెక్కలు రాస్తాను. తనకి పొద్దున్న డ్యూటీ అయితే మూడింటికల్లా ఇంట్లో ఉంటుంది, రాత్రి వంట తనే చూసుకుంటుంది. ఆదివారాలూ, ఇదిగో ఇలాంటి రోజులూ నావి.

సన్నగా జల్లు పడుతోంది. దారిలో కర్రీ పాయింట్ దగ్గర బండి ఆపాను కూడా. రెండు కూరలూ ఒక సాంబారూ కట్టించుకుంటే పనైపోతుంది. కానీ "ఫ్రిజ్ చూడండి" అని తను ఊరికే రాయదు. అందులో ఏముందో తనకి తెలుసు, దాంతో ఇల్లు గడుస్తుందనీ తెలుసు. పైగా సోమవారం. అమ్మ సోమవారాలు నీచు ముట్టదు, ఒంటిపూట భోజనం. రాత్రికి అన్నం తినదు, ఫలహారమే. ఆ కొట్లో అమ్మకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. మళ్ళీ బండి స్టార్ట్ చేశాను.

ఇంటికెళ్ళేసరికి ఏడు. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, పుస్తకాల్లో మునిగి ఉంది. అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడు నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "నాన్నా, నిన్నటి పులుసు ఉందా?"

తల తుడుచుకుని ఫ్రిజ్ తలుపు తీశాను. పై అరలో స్టీలు డబ్బాలో, పొద్దున్న పిల్లల బాక్సులకి వండగా ఉన్న అన్నం. ఇద్దరికి సరిపోదు, ఒకరికి ఎక్కువ. దాని పక్కన చిన్న గిన్నెలో గుప్పెడు అరటికాయ వేపుడు. శుక్రవారం రుబ్బిన ఇడ్లీ పిండి గిన్నె అడుగున ఉంది, మూత తీస్తేనే పులుపు ముక్కుకి కొట్టింది. పొద్దున్న అమ్మ శివుడికి కొట్టిన కొబ్బరికాయలో ఒక చిప్ప. తలుపు అరలో నాలుగు గుడ్లు. కూరగాయల డబ్బాలో ఏడెనిమిది బెండకాయలు. అన్నిటికంటే కింద, అమ్మ వాడే గిన్నెలకి తగలకుండా విడిగా, మూత పెట్టిన మట్టి దాక. ఆదివారం పెట్టిన శీలావతి పులుసు అందులో ఉంది. మూత ఓరగా తీసి చూశాను. పులుసు దండిగానే ఉంది. ముక్కలే లేవు. ఒక నడిముక్క, ఒక తలకాయ, అంతే. పొయ్యి గట్టు మీద పొద్దుటి టమాటా పప్పు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం ఎవరికీ గుర్తు లేదు.

"ఏమున్నాయిరా అబ్బాయ్?" అమ్మ అరుగు మీంచే అడిగింది.

ఏం మిగిలాయి అని అడగదు అమ్మ. బియ్యం డబ్బా ఖాళీ అయితే అయిపోయాయి అనదు, నిండుకున్నాయి అంటుంది. దీపం ఆరిపోయింది అనదు, కొండెక్కింది అంటుంది. మన పెద్దవాళ్ళంతా అలాగే అంటారు. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేవాణ్ణి. ఇప్పుడు వంటింట్లో నిలబడ్డ ప్రతిసారీ ఆ మాట నాకు పనికొస్తోంది. మిగిలినవి అనుకుంటే ఎలా వదిలించుకోవాలా అని చూస్తాం. ఉన్నవి అనుకుంటే వాటితో ఏం చేయొచ్చా అని చూస్తాం. నేను రోజూ రాసే లెక్కల్లోనూ ఇదే చూస్తాను. పచ్చికాయకి ఒక ధర, కురిడీకి ఇంకో ధర. అటక మీద నెలల తరబడి ఆగి, లోపలి నీళ్ళన్నీ ఇంకిపోయి, గుండు చిప్పనుంచి ఊడి ఊపితే లోపల కదిలేదాకా ఉన్న కాయ కురిడీ. ఆగినందుకే దానికి ఆ ధర. దాన్ని ఎవరూ మిగిలిపోయిన కొబ్బరికాయ అనరు.

అలాగని ఉన్నదంతా తినాల్సిందే అని కాదు. పప్పు గిన్నె మూత తీస్తే పైన సన్నటి నురగ కనిపించింది. పొద్దున్న ఏడింటికి వండింది. ఉక్కగా ఉన్న భాద్రపదం రోజు, పన్నెండు గంటలు గట్టు మీదే ఉంది. చింతపండు నీళ్ళు పోసి తెర్లించి పోపు పెడితే పప్పుచారు అవుతుంది కదా అని ఒక్క క్షణం మనసు లాగింది. గిన్నె అమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. అమ్మ వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుని, "కుడితిలో పొయ్యిరా" అంది. పక్కింటి వాళ్ళ గేదె కుడితి గోలెం మా పెరటి గోడ అవతలే ఉంటుంది. అక్కడికి చేరింది పప్పు. కందిపప్పు ఉన్న ధరకి ప్రాణం చివుక్కుమంది గానీ, ఇంట్లో డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఉన్నప్పుడు ఇలాంటివాటిలో మొహమాటం పనికిరాదు.

అన్నం మీద భయం లేదు. దాని సంగతి మా ఆవిడ నాకు గట్టిగా నేర్పింది. బియ్యంలో బ్యాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా తాలూకు బీజాలు ఉంటాయట. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గట్టు మీద ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు పట్టుకునేది దానివల్లే. మళ్ళీ వేడి చేస్తే పోతుందిలే అనుకుంటాం, కానీ ఆ విషం వేడికి పోదు. అందుకే పొద్దున్న బాక్సులు కట్టగానే ఉన్న అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఆవిరి పోగానే డబ్బాలోకి ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది తను. డ్యూటీకి ఎంత ఆలస్యమవుతున్నా ఆ పని మాత్రం మానదు. పప్పు మర్చిపోవచ్చు, అన్నం మర్చిపోదు.

అమ్మ రొట్టె ముందు. చేప దాక బయటికి రాకముందే అమ్మది అయిపోవాలి, ఇది మా వంటింటి రూలు. పుల్లబడ్డ పిండి ఇడ్లీకి పనికిరాదు, అట్టుకీ అంత బాగుండదు. దిబ్బరొట్టెకి మాత్రం బాగుంటుంది. రెండు గుప్పెళ్ళ ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్ళు గట్టిగా పిండేసి పిండిలో కలిపాను. దాంతో పులుపు కాస్త విరిగింది, పిండీ గట్టిపడింది. కాస్త జీలకర్ర, ఉప్పు. గరిటెతో తీసి వంచితే ధారగా కారకూడదు, ముద్దగా జారాలి. రవ్వ నానడానికి పావుగంట వదిలేసి, ఈలోగా కొబ్బరి పచ్చడి చేశాను. పచ్చిమిర్చి, వేయించిన శనగపప్పు, చింతపండు రెబ్బ, పైన ఆవాలు కరివేపాకు పోపు. కొబ్బరి చిప్ప ఇంట్లో ఉన్నప్పుడు మాకు ఇది చేతులు వాటంతట అవే చేసేస్తాయి.

ఇనప మూకుడు మా నాయనమ్మది. అడుగు మందం, చెవులు రెండూ అరిగిపోయాయి. నాయనమ్మ దీన్ని కొబ్బరి డొక్కల నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేది. మాకు గ్యాసే. నాలుగు చెంచాల నూనె వేసి మూకుడు చుట్టూ తిప్పి, నూనె బాగా కాగాక పిండంతా ఒకేసారి వేశాను. సుయ్యిమని లేచింది. అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు వచ్చి అక్కడే గట్టిపడ్డాయి. మూత పెట్టి సెగ బాగా తగ్గించాను.

ఇక్కడ తొందర పనికిరాదు. మూత తీసి చూడాలనిపిస్తుంది, తీయకూడదు. చప్పుడు వినాలి. మొదట్లో లోపల పిండి తడి తడిగా ఉడుకుతున్న చప్పుడు, గుసగుసలాగ. ఆ తడి ఇంకే కొద్దీ చప్పుడు పలచబడి చిటచిటలోకి మారుతుంది. పది నిమిషాలకి నేను అట్లకాడ అందుకోబోతుంటే అరుగు మీంచి అమ్మ, "ఇంకా పచ్చిగానే ఉందిరా చప్పుడు" అంది. అంత దూరం నుంచి ఎలా వినపడిందో. ఇంకో ఐదు నిమిషాలు ఆగాను. వేగిన మినప్పప్పు వాసన వంటిల్లు దాటి అమ్మాయి దగ్గరికి వెళ్ళింది, పుస్తకం వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. మూత తీసి, దాని నీళ్ళు రొట్టె మీద పడకుండా పక్కకి వంచి, అట్లకాడతో అంచు చుట్టూ ఒకసారి తిప్పాను. ఎక్కడా అంటుకోలేదు. తిరగేస్తే కింది వైపు కొత్త కుండ రంగు. వేలితో కొడితే టక్‌మంది.

అమ్మ రొట్టె ముక్కలో మెత్తటి నడిమి భాగం తుంచుకుని కొబ్బరి పచ్చడిలో అద్దుకుంది. అంచు తనకి నమలడం కష్టం. ఆ అంచునంతా చుట్టూ తుంచి ఒక పక్కన పెట్టి, "ఇది అమ్మలుకి" అంది. అమ్మలు అప్పటికే చెయ్యి చాపేసింది.

అప్పుడు దాక బయటికి తీశాను. చల్లటి మట్టి దాకని నేరుగా మంట మీద పెడితే పగులుతుంది. నా చేతిలో ఒకటి అలాగే పోయింది, పులుసంతా పొయ్యిలోకి కారింది. అందుకని దాన్ని గట్టు మీద వదిలేసి గుడ్లు ఉడకపెట్టాను, బెండకాయలు వేలెడు ముక్కలుగా కోసి, జిగురు పోయేదాకా నూనెలో తిప్పాను. ఒకటిన్నర గ్లాసు బియ్యం కడిగి కుక్కర్లో పెట్టాను. పొద్దుటి అన్నానికి పోపు వేశాను. మా ఇంట్లో ఎప్పుడూ స్వర్ణ బియ్యమే. ఎంటీయూ 7029. ఆ ఎంటీయూ అంటే మారుటేరు, గోదావరి పాయ వశిష్ఠకి అవతల పశ్చిమ గోదావరిలో ఉన్న వరి పరిశోధన కేంద్రం. 1982లో అక్కణ్ణుంచి వచ్చిన రకం, ఇప్పటికీ మా చుట్టుపక్కల సార్వాలో, అంటే వానాకాలం పంటలో, కనిపిస్తుంది. ఫ్రిజ్‌లో చల్లబడితే దీని గింజ బిర్రుగా అవుతుంది, దేనికది విడిపోతుంది. వేడి అన్నానికి పోపు వేస్తే ముద్ద అయిపోతుంది గానీ చల్లటి అన్నం పొడిపొడిగా వస్తుంది. ఎండుమిర్చి, మినప్పప్పు, ఇంగువ, ఆ గుప్పెడు అరటికాయ వేపుడు, చివర్లో నిమ్మకాయ. పది నిమిషాల పని.

ఇక చేపముక్క.

"నాన్నా, ముక్క నాదే కదా?" అన్నాడు అబ్బాయి.

"నిన్న నువ్వు మూడు తిన్నావురా" అని అక్క.

"నువ్వు రెండు తిన్నావు, లెక్క పెట్టాను."

అడిగే హక్కు ఇద్దరికీ ఉంది. ముక్క ఒకటే. రెండు చేస్తే పెద్దసగం ఎవరిదని మళ్ళీ గొడవ. తలకాయని నేను లెక్కలోకి తీసుకోలేదు, అది మా ఆవిడది. పెళ్ళయినప్పటినుంచీ చేప తలకాయ తనదే. కళ్ళ వెనకాల మెత్తటి కండ తీసి తింటున్నప్పుడు తను ఎవరితోనూ మాట్లాడదు.

నడిముక్కని పళ్ళెంలోకి తీసి ముళ్ళు ఏరడం మొదలుపెట్టాను. శీలావతికి నడుం ముల్లు సులువుగానే వస్తుంది, పట్టుకుని లాగితే దువ్వెనలా ఊడొస్తుంది. చిక్కంతా కండలో దాక్కున్న సన్నముళ్ళతో. వెంట్రుకంత ఉంటాయి, ఒక కొస రెండుగా చీలి ఉంటుంది. కంటికి సరిగ్గా కనపడవు, వేళ్ళకే తెలుస్తాయి. కండని పొరలు పొరలుగా విడదీసి, ప్రతి పొరా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నలిపితే ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది, అక్కడ ఆపి తీయాలి. ట్యూబులైటు కింద పళ్ళెం పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. అబ్బాయి నా పక్కన కూర్చుని తీసిన ముళ్ళన్నీ పళ్ళెం అంచున వరసగా పేర్చాడు. ఇరవై మూడు వచ్చాయి. ముక్క సంగతి ఆ లెక్కలో పడి మర్చిపోయాడు.

ఆ కండంతా పులుసులో కలిపేశాను. దాక సన్నసెగ మీద పెట్టి, బెండకాయ ముక్కలు వేసి, గుడ్లకి నిలువుగా నాలుగు గాట్లు పెట్టి వేశాను. చేపల పులుసు రెండో రోజు బాగుంటుందని అందరూ అంటారు. నిజమే, రాత్రంతా పులుపూ కారమూ ఉప్పూ ఒకదాన్నొకటి సర్దుకుంటాయి, మొదటి రోజు నాలిక మీద విడివిడిగా తగిలినవి రెండో రోజు ఒకటిగా తగులుతాయి. ముక్కలు లేకపోయినా పులుసులో చేప ఉంటుంది. ఇప్పుడు ప్రతి గరిటెలోనూ ఇంత కండ వస్తోంది, దెబ్బలాడుకోవడానికి ఏమీ లేదు.

పులుసు ఉడుకుతుంటే 1996 గుర్తొచ్చింది. ఇలా ఉన్నది నలుగురికీ పంచే వంట చేసినప్పుడల్లా గుర్తొస్తుంది. ఆ ఏడు నవంబరు 6న కోనసీమ మీద పడిన తుపాను ఇక్కడ పుట్టిన వాళ్ళెవరూ మర్చిపోలేదు. నాకప్పుడు పంతొమ్మిది. తెల్లారి తలుపు తీస్తే మా దొడ్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు, నేలంతా మట్టలూ కాయలూ. పక్క రెండిళ్ళ తాటాకు కప్పులు ఎగిరిపోయి వాళ్ళు మా పెంకుటింట్లోకి వచ్చేశారు. మొత్తం పదకొండు మందిమి. కట్టెలన్నీ తడిసిపోయాయి, పొయ్యి అంటుకోదు. ఇంట్లో వండి ఉన్నది రాత్రి నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నం ఒక్కటే, అది ఇంట్లో నలుగురి కోసం. అమ్మ నన్ను కాయలు తెమ్మంది. నాన్న నాలుగు కాయలు కొట్టారు. అమ్మ కొబ్బరి కోరి, పచ్చిమిర్చి ఉప్పుతో నూరి, అన్నంలోని నీళ్ళు వంపేసి అంతా కలిపింది. అన్నం కంటే కొబ్బరే ఎక్కువ. ముందు పక్కిళ్ళ పిల్లలకి, తర్వాత పెద్దవాళ్ళకి, తర్వాత మాకు, చేతిలోనే ముద్దలు పెట్టింది. అడుగున ఉన్న నీళ్ళలో ఉప్పేసుకుని తను తాగింది. ఆ ముద్దల కొలత నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అందరివీ ఒక్కటే.

ఆ రోజు గురించి అమ్మ ఎప్పుడూ చెప్పదు. ఎవరైనా తుపాను మాటెత్తితే పోయిన వాళ్ళ పేర్లు చెప్పి ఊరుకుంటుంది.

ఎనిమిదిన్నరకి పిల్లలూ నేనూ కింద కూర్చున్నాం. ముందు పోపన్నం, దాంతో దిబ్బరొట్టె అంచులు. తర్వాత వేడన్నంలో పులుసు. అమ్మాయి మూడుసార్లు పులుసు వేయించుకుంది. ఆ పిల్ల పరీక్షల టెన్షన్‌లో నెలరోజులుగా సరిగ్గా తినడం లేదు. ముళ్ళు లేని చేప కాబట్టి పళ్ళెం వంక చూడకుండా ఏదో ఫార్ములా చెప్పుకుంటూ తినేసింది. నాకు అది చాలు. అబ్బాయి మాత్రం బెండకాయలన్నీ పళ్ళెం పక్కకి నెట్టాడు. వాడితో ఆ విషయంలో నేను ఇంకా గెలవలేదు.

తలకాయా, ఒక గుడ్డూ, మా ఆవిడకి సరిపడా పులుసూ వేరే గిన్నెలోకి తీశాను. దాకలో అడుగున గుజ్జు మాత్రం ఉంది, గోడలకి ఎర్రటి పులుసు అంటుకుని ఉంది. అందులో నాలుగు గరిటెల వేడన్నం వేసి చేత్తో కలిపాను. మట్టి గోడల్ని తుడుస్తూ కలపాలి. పులుసు పీల్చుకున్న మట్టి వేడన్నానికి ఆ రుచి వదులుతుంది. ఇది పళ్ళెంలో రాదు. తలా రెండు ముద్దలు చేతిలో పెట్టాను. ముద్దలు సమానంగా ఉన్నాయా అని నాకు తెలియకుండానే చూసుకున్నాను.

తొమ్మిదీ ఇరవైకి తను వచ్చింది. వాన తగ్గలేదు. స్నానం చేసి వచ్చి కూర్చున్నాక రొట్టె ముక్క మూకుడులో వెచ్చచేసి ఇచ్చాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "పప్పేదండీ?" అంది.

"నురగొచ్చింది. పారబోశాను."

"మంచి పని చేశారు. పొద్దున్న బస్సు ఎక్కాక గుర్తొచ్చింది నాకు, డ్యూటీలో ఉన్నంతసేపూ అదే." ఆ తర్వాత తలకాయ అందుకుంది, ఇంక మాట్లాడలేదు.

నేను గిన్నెలు సర్దుతుంటే అమ్మ లేచి వంటింట్లోకి వచ్చింది. కుక్కర్లో అడుగున కొత్తన్నం ఒక గరిటెడు ఉంది. దాన్ని చిన్న రాచ్చిప్పలోకి తీసి, గరిటె వెనకతో కాస్త మెదిపి, గోరువెచ్చటి పాలు అన్నం మునిగేదాకా పోసింది. చెంచాడు పెరుగు తోడు వేసి, ఒక ఉల్లిపాయ చెక్కా, చీరిన పచ్చిమిరపకాయా అందులో గుచ్చింది. మూత పెట్టి, మూత మీద చెయ్యి ఉంచి వేడి చూసుకుంది.

"రేపు మంగళవారం, నాకు పొద్దున్నకి ఉంది" అంది.